నందాదేవి: ఆడపడుచు పేరున్న కొండ

శ్రీ మాత్రే నమః.

హిమాలయాల మీద మనం ఏ వీడియో పెట్టినా కింద ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. "దేవత ఉన్న కొండని ఎక్కొచ్చా? ఎక్కితే పాపమా?" అని. ట్రెక్‌కి టికెట్లు తీసుకుని, ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారోనని అడిగేవాళ్ళు కొందరు. "ఎక్కినవాళ్ళని అమ్మవారు ఊరికే వదలదు, చూశారుగా ఎంతమంది పోయారో" అని జవాబు కూడా వాళ్ళే చెప్పేసేవాళ్ళు ఇంకొందరు.

రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదిది. అందుకే ఈ వారం ఒకే ఒక్క కొండ కథ చెప్పుకుందాం. ఆ కొండకి పేరు ఎలా వచ్చింది, ఎవరెవరు ఎక్కారు, ఎక్కాక ఏమైంది, ఇప్పుడు ఎందుకు మూసి ఉంది, అన్నీ చూద్దాం. జవాబు ఆ కథలోనే ఉంది. ఆ కొండ పేరు నందాదేవి.

కొండ ఎక్కడుంది?

ఉత్తరాఖండ్‌లో, గఢ్వాల్ ప్రాంతంలో, చమోలీ జిల్లాలో ఉంది. బదరీనాథ్ వెళ్ళినవాళ్ళు జోషీమఠ్ మీదుగానే వెళ్ళి ఉంటారు. ఆ జోషీమఠ్‌కి తూర్పు వైపున ఉంటుంది. ఎత్తు 7,816 మీటర్లు. మన దేశంలో కాంచనగంగ తర్వాత రెండో శిఖరంగా దీన్ని లెక్కిస్తారు. కాంచనగంగ నేపాల్ సరిహద్దు మీద ఉంది. అదే నందాదేవి అయితే పూర్తిగా మన ఉత్తరాఖండ్ లోపలే ఉంది.

ఎత్తు సంగతి అలా ఉంచండి, ఆ కొండ కూర్చున్న తీరు చూడాలి. చుట్టూ కోటగోడలాగా మంచుకొండల వలయం. ఆ వలయం చుట్టుకొలత దాదాపు 110 కిలోమీటర్లు. నడిమధ్యలో నందాదేవి. ఆ గోడకి ఒకే ఒక్క సందు, పడమటి వైపున. ఆ సందులోంచి ఒక నది బయటికి దూకుతుంది. దాని పేరు ఋషిగంగ. నిటారుగా నిలబడ్డ రాతి గోడల మధ్య అదొక ఇరుకైన లోయ. గర్భగుడి, దాని చుట్టూ ప్రాకారం, అభిషేక జలం బయటికి పోవడానికి ఒక్క తూము. గుడి కట్టు తెలిసినవాళ్ళకి ఇంతకన్నా వర్ణన అక్కర్లేదు.

అక్కడివాళ్ళు చెప్పుకునే ఒక కథ ఉంది. నంద అనే రాజకుమారిని బలవంతంగా చేపట్టాలని ఒకడు యుద్ధానికి వచ్చాడట. ఆమె తప్పించుకుని ఈ కొండ మీద ఆశ్రయం తీసుకుందట. సప్తర్షులు కూడా ఈ లోయలోకే వచ్చి తపస్సు చేసుకున్నారని, అందుకే నదికి ఋషిగంగ అన్న పేరు నిలిచిందని అంటారు. ఒక ఆడపిల్ల భయంతో పరిగెత్తుకొస్తే కొండ చోటిచ్చింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

పేరులో ఏముంది?

ముందు ఇంకో కొండ పేరు సంగతి చూద్దాం. ఎవరెస్ట్. సర్వే వాళ్ళ లెక్కల్లో దాని పేరు మొదట "పదిహేనో శిఖరం" మాత్రమే. అదే ప్రపంచంలో ఎత్తైనదని లెక్క కట్టినవాడు మన బెంగాల్ వాడైన రాధానాథ్ సిక్దర్. పేరు పెట్టే సమయానికి అప్పటి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా తనకి ముందు ఆ పదవిలో ఉన్న జార్జ్ ఎవరెస్ట్ పేరు సూచించాడు. ఎవరెస్ట్ అయితే 1843లోనే పదవి విరమించాడు. పైగా తన పేరు పెట్టడానికి ఆయనే అభ్యంతరం చెప్పాడు, ఇక్కడి జనానికి ఆ పేరు పలకడం కష్టమని. అయినా 1865లో అదే ఖాయమైంది. టిబెట్ వాళ్ళు ఎప్పటినుంచో చోమోలుంగ్మా అని పిలుచుకుంటున్నా, లోకం నోట నిలిచింది ఒక అధికారి ఇంటిపేరు.

ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు ఇది. పేరు పెట్టడంలో రెండు రకాలున్నాయని చెప్పడానికి. ఆఫీసులో కూర్చుని పెట్టిన పేరు ఒకటి. అమ్మమ్మ నోటి నుంచి మనవరాలి నోటికి వచ్చిన పేరు ఇంకొకటి. నందాదేవి రెండో రకం. ఫలానా సంవత్సరంలో ఫలానా వారు పెట్టారని చెప్పడానికి లేదు. ఊళ్ళు ఊళ్ళుగా పిలిచి పిలిచి నిలబెట్టుకున్న పేరది.

నంద అంటే ఆనందం. ఆనందాన్ని ఇచ్చేది. లలితా సహస్రనామంలో "నందినీ" అన్న నామం చదువుతాం కదా, ఆ ధాతువే. దేవీ మాహాత్మ్యం పదకొండో అధ్యాయంలో అమ్మవారు దేవతలకి ఒక మాట ఇస్తుంది. నందగోపుడి ఇంట్లో యశోదకి పుడతానని. కంసుడి చేతుల్లోంచి ఆకాశానికి ఎగిరిపోయిన ఆ పసిబిడ్డే యోగమాయ. నందుడి కూతురు కాబట్టి నంద. అక్కడ కూడా చూడండి, ఒక ఆడబిడ్డని చంపబోతే ఆమె వాడికి చిక్కకుండా పైకి వెళ్ళిపోయింది.

ఇక పార్వతి అన్న పేరు సరేసరి. పర్వతుడి కూతురు పార్వతి. హిమవంతుడి బిడ్డ హైమవతి. గిరికి పుట్టినది గిరిజ. నవరాత్రుల్లో మొదటి రోజు శైలపుత్రి. మన సంప్రదాయంలో కొండని చూస్తే గుర్తొచ్చేది ఒక తండ్రి, ఆయన కూతురు. గఢ్వాల్, కుమావూ ప్రజలు ఇంకో అడుగు ముందుకేశారు. ఆ కూతురు మా ఇంటి ఆడపడుచే అన్నారు.

అమ్మవారికి అప్పగింతలు

ఇది మాటవరసకి అన్నది కాదు. అక్కడ నందాదేవి రాజ్ జాత్ అని ఒక యాత్ర జరుగుతుంది. పన్నెండేళ్ళకోసారి అని సంప్రదాయం. 1987లో, 2000లో, 2014లో జరిగింది. కర్ణప్రయాగ దగ్గర నౌటీ అనే ఊళ్ళో బయల్దేరి, మంచుకొండల పాదాల దగ్గరున్న హోమ్‌కుండ్ దాకా వెళ్తారు. రానూపోనూ సుమారు 280 కిలోమీటర్లు, ఇరవై రోజుల దగ్గర పడుతుంది. దారిలో అస్థిపంజరాలు బయటపడ్డ రూప్‌కుండ్ సరస్సు వస్తుంది. అది దాదాపు 5,000 మీటర్ల ఎత్తున ఉంది.

ఈ యాత్ర ఎందుకంటారా? పుట్టింటికి వచ్చిన ఆడపిల్లని అత్తారింటికి దిగబెట్టడానికి. పుట్టిల్లు ఆ పల్లెలు. అత్తిల్లు శివుడుండే కైలాసం. ఊరూరా ఆడవాళ్ళు ఎదురొచ్చి పాటలు పాడతారు. గాజులు, బట్టలు, తినుబండారాలు ఇస్తారు. పల్లకీ ఊరి పొలిమేర దాటుతుంటే నిజంగా కన్నీళ్ళు పెట్టుకుంటారు. నాలుగు కొమ్ముల పొట్టేలు ఒకటి యాత్రకి ముందు నడుస్తుంది. అమ్మవారికి ఇచ్చే సారె దాని వీపు మీదే కడతారు. వాణ్ అనే ఊరికి వచ్చేసరికి లాటూ దేవత కలుస్తాడు. ఆయన నందాదేవికి వరసకి తమ్ముడు. అక్కడి నుంచి అక్కని దిగబెట్టే బాధ్యత ఆయనది. హోమ్‌కుండ్ దగ్గర పూజ చేసి, పొట్టేలుని మంచుకొండల వైపు ఒంటరిగా వదిలేస్తారు. జనం అక్కడే ఆగిపోయి వెనక్కి తిరుగుతారు.

మనవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆషాఢ మాసంలో బెజవాడ కనకదుర్గమ్మకి సారె పెట్టడం లేదూ? పసుపు, కుంకుమ, గాజులు, చీర పట్టుకుని ఇంద్రకీలాద్రి ఎక్కేవాళ్ళు ఆ రోజు అమ్మవారిని కూతురిగానే చూస్తారు. తెలంగాణలో గౌరమ్మని తొమ్మిది రోజులు ఇంట్లో బిడ్డలాగా చూసుకుని నీళ్ళలో సాగనంపుతారు. ఆడపిల్లకి ఒడిబియ్యం పోసి పంపేటప్పుడు తల్లి గొంతు ఎలా ఉంటుందో మీ ఇళ్ళల్లో విన్నదే. నౌటీలో ఆ తల్లి గొంతే వినిపిస్తుంది. భాష వేరు, అంతే.

గమనించారా? ఇన్ని వందల ఏళ్ళుగా ఆ జనం కొండ దాకా నడుస్తూనే ఉన్నారు. శిఖరం మాత్రం ఎక్కలేదు. ఎక్కే చేవ లేక అనుకుంటున్నారేమో. 5,000 మీటర్ల ఎత్తున చెప్పుల్లేకుండా నడిచేవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. కూతుర్ని దిగబెట్టడానికి వెళ్ళినవాళ్ళు ఆమె ఇంటి గుమ్మం దగ్గర దణ్ణం పెట్టి వస్తారు. ఇంటి కప్పు ఎక్కాలన్న ఆలోచన వాళ్ళకి రాదు.

ఎక్కినవాళ్ళ కథ

ఇప్పుడు రెండో వైపు చూద్దాం. 1883లో డబ్ల్యూ. డబ్ల్యూ. గ్రాహం అనే ఆయన ఋషిగంగ లోయలోంచి లోపలికి వెళ్ళాలని చూసి వెనక్కి తగ్గాడు. 1905లో టామ్ లాంగ్‌స్టాఫ్ తూర్పు వైపు గోడ అంచు దాకా ఎక్కి లోపలికి తొంగి చూడగలిగాడు, దిగలేకపోయాడు. 1932లో హ్యూ రట్లెడ్జ్ వల్ల కూడా కాలేదు. చివరికి 1934లో ఎరిక్ షిప్టన్, బిల్ టిల్మన్ ఋషిగంగ రాతి గోడలు పట్టుకుని పాకుతూ లోపలికి చేరారు. వాళ్ళతో ముగ్గురు షెర్పాలు ఉన్నారు. అంగ్‌తర్కే, పసాంగ్, కుసాంగ్. ఈ మూడు పేర్లు కూడా ఒకసారి పలకండి. బరువులు మోసినవాళ్ళ పేర్లు పుస్తకాల్లో చిన్న అక్షరాల్లోకి జారిపోతుంటాయి.

రెండేళ్ళ తర్వాత, 1936లో బ్రిటిష్, అమెరికన్ పర్వతారోహకులు కలిసి వచ్చారు. ఆగస్టు 29న టిల్మన్, నోయెల్ ఓడెల్ శిఖరం చేరారు. అప్పటిదాకా మనిషి ఎక్కిన శిఖరాల్లో అదే ఎత్తైనది. 1950లో అన్నపూర్ణ ఎక్కేదాకా ఆ రికార్డు నిలిచింది.

ఇక్కడ మన తరం నేర్చుకోవాల్సిన సంగతులు రెండున్నాయి. నిజానికి ఆ రోజు ఎక్కాల్సింది టిల్మన్ కాదు, చార్లెస్ హ్యూస్టన్ అనే యువకుడు. ముందు రాత్రి డబ్బా మాంసం తిని జబ్బుపడ్డాడు. కింది నుంచి టిల్మన్ వచ్చి ఆ స్థానంలో వెళ్ళాడు. ఇక శిఖరం చేరాక ఇద్దరు చేరారని మాత్రమే కబురు పంపారు. ఆ ఇద్దరూ ఎవరో మొదట బయటపెట్టలేదు, ఇది అందరి పని కాబట్టి పేర్లు వద్దని ముందే అనుకున్నారు. ఇప్పుడు మనం కొండ సగం ఎక్కకముందే స్టేటస్ పెట్టేస్తున్నాం. వాళ్ళు ప్రపంచ రికార్డు సాధించి పేరు దాచుకున్నారు. ఆ తర్వాత టిల్మన్ తన పుస్తకంలో రాసుకున్నది ఏంటంటే, పైకి చేరిన సంతోషం కాసేపే ఉందట. ఇన్నాళ్ళూ ఎవరికీ తలవంచని కొండ తమ వల్ల తలవంచిందన్న దిగులు కలిగిందట. గీత చదవనివాడికి కూడా ఆ క్షణాన ఫలం మీద మమకారం జారిపోయింది. కొండ అతనికి ఇచ్చిన ప్రసాదం అది.

1939లో పోలండ్ వాళ్ళు పక్కనే ఉన్న తూర్పు నందాదేవి ఎక్కారు. 1951లో ఇద్దరు ఫ్రెంచి యువకులు, రోజర్ డుప్లా, జిల్బేర్ విన్యె, ఒక శిఖరం నుంచి ఇంకో శిఖరానికి అంచు మీద నడిచి వెళ్ళాలని బయల్దేరారు. మళ్ళీ కనిపించలేదు. వాళ్ళ ఆచూకీ కోసం తూర్పు శిఖరం ఎక్కిన ఇద్దరిలో ఒకరు టెన్సింగ్ నార్గే. రెండేళ్ళ తర్వాత ఎవరెస్ట్ ఎక్కిన ఆ టెన్సింగే. తను ఎక్కినవాటిలో నందాదేవి తూర్పు శిఖరమే కష్టమైనదని తర్వాత చెప్పాడు.

1964లో మన భారతీయ బృందం నుంచి నవాంగ్ గొంబు, దావా నోర్బు ప్రధాన శిఖరం చేరారు. 1981లో రేఖా శర్మ, హర్షవంతీ బిష్ట్, చంద్రప్రభా ఐత్వాల్, ముగ్గురు మన ఆడపిల్లలు పైకి వెళ్ళారు. ప్రధాన శిఖరం చేరిన మొదటి మహిళలు వాళ్ళే. అమ్మవారి ఇంటికి ఆడపడుచులు వెళ్ళొచ్చినట్టు అనిపిస్తుంది నాకైతే. వాళ్ళలో హర్షవంతీ బిష్ట్ ఆ తర్వాత ఏం చేశారో తెలుసా? గంగోత్రి దగ్గర అంతరించిపోతున్న భూర్జ వృక్షాలు మళ్ళీ నాటించారు. మన పూర్వులు తాళపత్రాల్లాగే భూర్జపత్రాల మీద రాసుకునేవారు కదా, ఆ చెట్లే. కొండ దగ్గర తీసుకున్నదాన్ని కొండకి తిరిగి ఇవ్వడం అంటే అది.

ఒక తండ్రి, ఒక కూతురు

ఇప్పుడు అసలు ప్రశ్నకి వస్తున్నాం. నందాదేవి గురించి ఎవరు మాట్లాడినా ఒక కథ చెప్తారు. విల్లీ అన్సోల్డ్ అనే అమెరికన్ పర్వతారోహకుడు యువకుడిగా ఉన్నప్పుడు ఈ కొండని చూశాడు. ఆ అందానికి కట్టుబడిపోయి, నాకు కూతురు పుడితే ఈ పేరే పెట్టుకుంటానని అనుకున్నాడు. 1954లో కూతురు పుట్టింది. నందాదేవి అన్సోల్డ్ అని పేరు పెట్టాడు. ఆ అమ్మాయి పెరిగి పెద్దదై, నా పేరున్న కొండ ఎక్కాలి అంది. 1976లో తండ్రీకూతుళ్ళు కలిసి వచ్చారు. సెప్టెంబరు 8న, సుమారు 7,300 మీటర్ల ఎత్తున, డేరాలోనే జబ్బుచేసి ఆమె ప్రాణం పోయింది. వయసు 22. తండ్రి, తోటివాళ్ళు ఆమెని ఆ మంచుకే అప్పగించి దిగి వచ్చారు.

"అమ్మవారు తన పేరు పెట్టుకున్న పిల్లని తనలో కలుపుకుంది" అని కొందరంటారు. ఇంకొందరు ఇంకా ముందుకెళ్ళి, "పవిత్రమైన కొండ ఎక్కితే ఇదే శాస్తి" అంటారు. మన కామెంట్లలో కూడా ఈ మాట చూశాను.

ఈ రెండో మాట దగ్గర కాస్త ఆగుదాం. అదే శాస్తి అయితే, 1936లో ఎక్కిన టిల్మన్‌కి ఏమీ కాలేదేం? 1981లో మన ముగ్గురు అమ్మాయిలు క్షేమంగా ఎలా వచ్చారు? పోనీ, పాపం చేసినవాళ్ళే పోతారా? భక్తితో యాత్రకి వెళ్ళినవాళ్ళు కూడా కొండచరియలు విరిగిపడి పోయినవాళ్ళున్నారు. వాళ్ళ ఇళ్ళకెళ్ళి ఈ మాట అనగలమా? ఆ ఎత్తున గాలిలో ప్రాణవాయువు చాలదు. చిన్న జబ్బు కూడా ప్రాణం మీదికి వస్తుంది. అది కొండ స్వభావం, శరీర ధర్మం. దానికి దైవకోపం అని పేరు పెట్టామంటే ఇద్దరికి అన్యాయం చేసినట్టు. బిడ్డని పోగొట్టుకున్న తండ్రికి ఒకటి, అమ్మవారికి ఒకటి.

ఎందుకంటే మనం ఆవిడని ఏమని పిలుస్తున్నాం? శ్రీ మాత. తల్లి. కొండ మీద ఆశ్రయం వెతుక్కున్న ఆడపిల్ల కథ చెప్పుకున్నాం కదా. అలాంటి చోట, తన పేరు పెట్టుకుని ప్రేమగా వచ్చిన ఆడపిల్లని తల్లి శిక్షిస్తుందా? భయపెడితే భక్తి పెరుగుతుందని అనుకోవడం మన బలహీనత. ఆ కుర్ర ప్రాణం ఆ మంచులో అమ్మ ఒడిలోనే ఉందని అనుకుంటే అది భక్తి. ఆమెకి శాపం తగిలిందని చెప్పుకుని మనం భద్రంగా ఉన్నామని అనుకుంటే అది భక్తి కాదండీ.

మరి తప్పు ఎక్కడ జరిగింది?

తప్పు జరగలేదని అనట్లేదు. మనం చూస్తున్న చోట కాకుండా ఇంకో చోట జరిగింది.

1964లో చైనా అణుపరీక్ష చేసింది. వాళ్ళ పరీక్షల మీద నిఘా పెట్టడానికి అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ, మన ఇంటెలిజెన్స్ బ్యూరో కలిసి 1965లో నందాదేవి మీద ఒక యంత్రం పెట్టాలనుకున్నాయి. అది పనిచేయడానికి ప్లుటోనియంతో నడిచే జనరేటర్. అక్టోబరులో వాతావరణం విరుచుకుపడితే పైకి మోసుకెళ్ళినవాళ్ళు దాన్ని కొండ మీదే కట్టిపెట్టి దిగి వచ్చారు. మర్నాటి ఏడు వెళ్ళి చూస్తే లేదు. ఇప్పటిదాకా దొరకలేదు. 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయి ఈ సంగతి పార్లమెంటులో చెప్పారు.

ఆడపడుచు అని గాజులు పెట్టిన కొండ అది. గంగలో కలిసే నీళ్ళు అక్కడ పుడతాయి. ఆ ఒళ్ళో విషం మర్చిపోయి వచ్చాం. దేశ భద్రత కోసమే చేశారు, కాదనను. కానీ ఇద్దరు మనుషులు కాలినడకన శిఖరం చేరడం పెద్ద అపచారమా, ఇది పెద్ద అపచారమా? మీరే చెప్పండి.

ఆ తర్వాత జనం తాకిడి పెరిగింది. చెత్త పేరుకుంది, కట్టెల కోసం చెట్లు కొట్టారు. 1982లో జాతీయ ఉద్యానవనం చేశారు, 1983 నాటికి లోపలికి వెళ్ళడం నిషేధించారు. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. 1993లో మన సైన్యం వాళ్ళు ప్రత్యేకంగా లోపలికి వెళ్ళి, అంతకుముందు యాత్రలు వదిలిన చెత్త మోసుకొచ్చారు. గుడి తుడిచినట్టే కదండీ. జంతువులు, మొక్కలు మళ్ళీ కోలుకున్నాయి. అంతా బాగానే ఉంది. కానీ ఆ తాళం వేసినప్పుడు లాతా, రైణీ లాంటి ఊళ్ళవాళ్ళకి తరతరాలుగా ఉన్న మేత భూములు పోయాయి. లాతాలో నందాదేవి గుడి ఉంది. ఆ కొండని పుట్టింటి బిడ్డగా చూసుకున్నవాళ్ళే బయట నిలబడాల్సి వచ్చింది.

ఆ రైణీ ఊరి పేరు మీరు వినే ఉంటారు. 1974 మార్చి 26న గౌరాదేవి అనే ఆవిడ 27 మంది ఆడవాళ్ళతో అడవిలోకి వెళ్ళి, చెట్లు కొట్టడానికి వచ్చినవాళ్ళని అడ్డుకుంది. చిప్కో ఉద్యమంలో పెద్ద ఘట్టం అది. ఆవిడ పెద్ద చదువులు చదవలేదు. అడవి నా పుట్టిల్లు అన్న భావన ఒక్కటి చాలింది ఆవిడకి. పేరు కూడా చూడండి, గౌరి.

ఆ ఊరి ముందే 2021 ఫిబ్రవరి 7న ఋషిగంగ పొంగింది. రోంటీ శిఖరం నుంచి కొండచరియ, మంచు కలిసి విరిగిపడి, లోయ వెంట బురద వరదై వచ్చింది. కింద కట్టిన జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నవాళ్ళతో కలిపి 200 మందికి పైగా చనిపోవడమో, గల్లంతవడమో జరిగింది. అప్పుడు కూడా కొందరు అమ్మవారి కోపం అన్నారు. కొండ విరగడం ప్రకృతి. విరిగే కొండ కింద, ఇరుకు లోయలో, సొరంగాల్లో మనుషుల్ని పెట్టి పనిచేయించడం ఎవరి నిర్ణయం? దాన్ని అమ్మవారి ఖాతాలో రాయకూడదు.

అయితే ఎక్కొచ్చా, కూడదా?

మన ఆచారంలో కొండ ఎక్కడం తప్పు అని ఎక్కడా లేదు. తిరుమల మెట్లు ఎక్కట్లేదా? అక్కడ మోకాళ్ళ పర్వతం అని ఎందుకంటారు? ఆ కొండ సాలగ్రామమని, కాలు మోపడానికి మనసు రాక రామానుజులవారు మోకాళ్ళ మీద ఎక్కారని చెప్తారు. అలాగని ప్రతి కొండా ఎక్కాలనీ లేదు. అరుణాచలంలో కొండే శివుడు. చుట్టూ ప్రదక్షిణ చేస్తాం. కైలాసం ఎత్తు 6,638 మీటర్లే, ఎవరెస్ట్ కన్నా ఎంతో తక్కువ. అయినా శిఖరం మీదికి ఎవరూ వెళ్ళలేదు, పరిక్రమ చేసి వస్తారు. ఏ కొండకి ఏ మర్యాదో అక్కడ పుట్టి పెరిగినవాళ్ళకి తెలుస్తుంది. వాళ్ళని అడగాలి.

అడిగి, విన్నవాళ్ళూ ఉన్నారు. 1955లో కాంచనగంగ మొదటిసారి ఎక్కిన జో బ్రౌన్, జార్జ్ బ్యాండ్ శిఖరానికి కొన్ని అడుగుల దూరంలో ఆగిపోయారు. ఆ కొండ సిక్కిం ప్రజలకి దైవం. కొస మీద కాలు పెట్టమని ముందే మాట ఇచ్చారు. అంత దూరం వెళ్ళి, ప్రాణాలకి తెగించి, చేతికందే దూరంలో ఆగారు. అక్కడ చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఎక్కేసి ఆగామని చెప్పినా నమ్మేవారు. ఆ తర్వాత వెళ్ళినవాళ్ళలో చాలామంది అదే మర్యాద పాటించారు.

ఆ కొన్ని అడుగులే ధర్మం అంటే. చేయగలిగి, అడ్డం ఎవరూ లేనప్పుడు కూడా, ఇంకొకరి మనసు కోసం ఆగడం. ఆఫీసులో, ఇంట్లో, బంధాల్లో కూడా మనకి అలాంటి కొన్ని అడుగుల దూరం ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

కాబట్టి నా జవాబు ఇది. తెరిచి ఉన్న కొండ ఎక్కండి, శుభ్రంగా ఎక్కండి. మూసిన చోటికి దొంగదారిన వెళ్ళొద్దు. నందాదేవిని చూడాలంటే ఔలీ నుంచి కనిపిస్తుంది, కౌసానీ నుంచి కనిపిస్తుంది. పొద్దున్నే లేచి, ఎండ శిఖరానికి తగిలేటప్పుడు ఒక నమస్కారం చేయండి. ఫోన్ కాసేపు జేబులోనే ఉండనివ్వండి. మీరు తీసుకెళ్ళిన ప్లాస్టిక్ మీతోనే కిందికి తీసుకురండి. సామాను మోసినవాళ్ళ పేరు అడిగి పిలవండి. "భయ్యా" అని అందరినీ కలిపి పిలవడం కాదు, పేరుతో.

ఇంకో చిన్న పని. నందాదేవికి సారె పెట్టేవాళ్ళ కథ విన్నాం. మీ ఇంట్లో పెళ్ళై వెళ్ళిన అక్క ఉండొచ్చు, మేనత్త ఉండొచ్చు. మీ అమ్మ కూడా ఒక ఇంటి ఆడపడుచే. ఆవిడ పుట్టింటికి వెళ్ళి ఎన్నాళ్ళైంది? ఆ ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక పిలిచేవాళ్ళు లేక ఆగిపోయిందా? ఈ ఆదివారం మీరే బండి తీసి, ఆవిడ పుట్టిన ఊరికి ఒకసారి తీసుకెళ్ళండి. ఇల్లు ఉన్నా లేకపోయినా, ఆ వీధిలో కాసేపు నిలబడనివ్వండి. ఆ రోజు ఆవిడ ముఖంలో కనిపించేది ఆనందం. నంద అంటే అర్థం అదేనని చెప్పుకున్నాం కదా.

వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.

శ్రీ మాత్రే నమః.